తడపకూడని తడి ఈగ

ఈగను తడిపినందుకు మనిషిని జైల్లో పెడతారా అని మీరు అడగవచ్చు. పొగమెట్టలో పెడతారు. నిరుడు ట్రౌట్ చేపల సీజను నడిచినన్నాళ్ళూ అక్కడ నాటుసారా కాచేవాడు మీసం మెలేసుకుని తిరిగాడు, అడవిలో టేకు కొట్టినవాడు ఇంటికి కొత్త తలుపులు పెట్టించుకుని గృహప్రవేశం చేశాడు. జీపు వచ్చి ఆగింది మాత్రం, ఈగను తడపడానికి బయల్దేరిన గొర్లె వైకుంఠం ఇంటి ముందు. ఆయన బజారులో మందుల షాపు పెట్టుకుని, దగ్గుకీ జలుబుకీ బిళ్ళలిచ్చుకుంటూ బతికే మనిషి. చిల్లర దొంగతనం కూడా చేతకానివాడు.

ఈగంటే అన్నం మీద వాలే ఈగ కాదు, గాలానికి కట్టే ఈగ. పొగమెట్ట కొండల్లో చలిగెడ్డ అని ఒక ఏరు ఉంది. ఎప్పుడో ఒక తెల్లదొర తన దేశం చేప మీద బెంగపెట్టుకుని ట్రౌట్ పిల్లల్ని తెప్పించి ఆ గెడ్డలో వదిలాడు. దొర పోయాడు, చేపలు ఉండిపోయాయి. ఆ చేప మహా టెక్కుది. వానపాము పెడితే చూడదు, పిండి ఉండ పెడితే మొహం తిప్పుకుంటుంది. నీళ్ళలో పడి కొట్టుకుపోయే పురుగంటే మాత్రం చెవి కోసుకుంటుంది. అందుకని దొరకి వంట చేసినవాళ్ళూ, ఆయన గుర్రాల్ని చూసినవాళ్ళూ ఆయన దగ్గరే ఒక విద్య నేర్చుకున్నారు. చిన్న గాలపు ముల్లుకి పట్టుదారం చుట్టి, కోడిపుంజు మెడ ఈక తిప్పి, గిన్నెకోడి ఈకతో రెక్క పెట్టి, మునిగిపోయిన పురుగులా కనపడేట్టు కడతారు. అది నీళ్ళ మీద తేలకూడదు. తడవాలి, మునగాలి, ప్రవాహంలో పడి పోవాలి. అందుకే దాన్ని తడి ఈగ అంటారు.

సీజను మొదలయ్యే ముందురోజు పొగమెట్టలో ఈగలు కట్టేవాళ్ళు వాటిని ఒకరితో ఒకరు మార్చుకుంటారు. మొదటిరోజు ఎవడూ తన ఈగతో వేటకి పోడు. అవతలివాడు కట్టి ఇచ్చిన ఈగనే గెడ్డలో వెయ్యాలి, దానికి పడ్డ మొదటి చేపను కట్టినవాడి ఇంటికి పట్టుకెళ్ళి ఇవ్వాలి. అప్పటిదాకా ఆ ఈగను పుచ్చుకున్నట్టు కాదు. పుచ్చుకుని తడపకుండా ఉంచుకోవడమంటే, పెళ్ళికి పిలిస్తే వెళ్ళి, వడ్డించిన విస్తరి ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండా లేచి వచ్చెయ్యడమే.

వైకుంఠం ఒకసారి అలా లేచి వచ్చేశాడు. ఆయన భార్య నరసమ్మకి తోడబుట్టిన అన్న జోగినాయుడు. కొండ దిగువన సీతాపురంలో ఉంటాడు, ఏటా బస్సెక్కి వచ్చి బావతో ఈగ మార్చుకుని పోయేవాడు. చాలా ఏళ్ళ కిందట ఒక సీజనులో వైకుంఠానికి జ్వరం తగిలి గెడ్డ మొహం చూడలేదు. ఈగ చూస్తే ముచ్చటగా ఉంది కదా అని షాపులో అద్దాల బీరువాలో, అరుగుదల మందు సీసా పక్కన నిలబెట్టి, వచ్చినవాళ్ళకల్లా మా బావ కట్టాడని చూపించుకున్నాడు. ఆయన లెక్కలో అది గౌరవం. జోగినాయుడు నడుంనొప్పికి తైలం కొనడానికి వచ్చి, దుమ్ము పట్టి, ఎండి, బీరువాలో నిలబడ్డ తన ఈగని చూశాడు. తైలం పుచ్చుకోకుండానే గుమ్మం దిగాడు. ఆ తర్వాత పొగమెట్ట బస్సు మొహం చూడలేదు. చెల్లెలు వెళితే అన్నం పెట్టేవాడు కానీ బావ ఊసెత్తేవాడు కాదు. కొన్నాళ్ళకి నరసమ్మే వెళ్ళడం మానేసింది.

అలాంటిది నిరుడు సీజనుకి ముందురోజు మధ్యాహ్నం బస్సు కండక్టరు షాపు ముందు దిగి ఒక అగ్గిపెట్టె చేతిలో పెట్టాడు. జోగినాయుడు పంపాడట. మోకాళ్ళు పోయాయట, గెడ్డలో దిగలేడట. నీది నాను తడపనేను, నాది నువ్వు తడుపు అని చెప్పమన్నాడట. వైకుంఠం అగ్గిపెట్టె తెరిచాడు. లోపల నల్ల పట్టుదారం ఒళ్ళు, పుంజు మెడ ఈక, నడుం చుట్టూ సన్నటి జరీ పోగు. పెట్టె పట్టుకుని షాపు తలుపు వెయ్యడం కూడా మరిచిపోయి ఇంటికి పరిగెత్తాడు.

నరసమ్మ ఆ ఈగని వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసింది. తర్వాత పైటకొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

"ఇది మాయమ్మ పెళ్ళి సీర జరీ," అంది. "వొదిన అడిగినా పోగు తియ్యనియ్యనేదు. తీసి నీకు కట్టినాడు. రేపు సేప తెచ్చినావా, ఇద్దరం కలిసి బస్సెక్కుదుం. తేనేదా, మాయన్న గుమ్మం నానింక ఈ జన్మకి తొక్కను. నిన్నూ తొక్కనివ్వను."

మర్నాడు పొద్దున్నే వైకుంఠం తలకి తువ్వాలు చుట్టుకుని, గాలపు కర్ర భుజాన వేసుకుని గుమ్మం దాటాడు. అప్పుడే జీపు ఆగింది.

ఆ జీపు కథ కొంచెం చెప్పుకోవాలి. ఆ ఏడు రాష్ట్రం నుంచి కొందరు పెద్ద అధికారులు ట్రౌట్ వేట అధ్యయనం చెయ్యడానికి విదేశం వెళ్ళారు. వాళ్ళు వెళ్ళినన్నాళ్ళూ అక్కడ ఒకటే వాన. తడుస్తామని ఏటి దగ్గరికి పోలేదు, మ్యూజియంకి పోయారు. అక్కడ అద్దాల పెట్టెల్లో, మెత్తటి మఖమలు గుడ్డ మీద, దీపాల కింద పాతకాలపు తడి ఈగల్ని చూశారు. ముట్టుకోబోతే కాపలావాడు కసిరాడు. ప్రభుత్వం సొమ్ముతో వెళ్ళినవాళ్ళని ఒకడు కసిరాడంటే అది సామాన్యమైన వస్తువు కాదని వాళ్ళకి తెలిసిపోయింది. తిరిగివచ్చి, సదరు కళాఖండములకు నీటితో ఎట్టి సంబంధమూ కానరాలేదు అని నివేదిక సమర్పించారు. నివేదిక మీద సంతకాలు పడ్డాయి, సంతకాల మీద రాష్ట్ర సంప్రదాయ ఈగల పరిరక్షణ మండలి పుట్టింది. మండలికి డైరెక్టరు చిదానందం గారు. గాలం అనేది ఆయన అదివరకు ఎన్నికల ప్రసంగాల్లో తప్ప ఎక్కడా వినలేదు.

ఊరందరినీ పంచాయతీ ఆఫీసు ముందు పోగుచేసి, చిదానందం గారు మైకు పుచ్చుకుని ఉత్తర్వు చదివారు. "ఇందుమూలముగా యావన్మంది పౌరులకు తెలియజేయడమేమనగా, తడి ఈగ మన వారసత్వ సంపద. సదరు సంపదను నీటిలో ముంచుట, తడుపుట, తడిచేతితో తాకుట, వర్షమునందు కొనిపోవుట, తడి కన్నులతో సమీపించుట శిక్షార్హమైన నేరములు."

ఆఖరిది ఎందుకని ఎవరో అడిగితే, ఆయన ఆ ప్రశ్నకి సంతోషించారు. కన్నీటిలో ఉప్పు ఉంటుందని, ఉప్పు తగిలితే ముల్లు తుప్పు పడుతుందని, ఇది నిపుణుల సంఘం తేల్చిన విషయమని వివరించారు.

వైకుంఠం నోరు మూసుకుని ఉండలేకపోయాడు. తడి ఈగని తడపకపోతే చేప ఎలా పడుతుంది బావూ అని అడిగాడు.

"చేపలు పట్టుట ఈ మండలి పరిధిలోనికి రాదు," అన్నారు చిదానందం గారు. "చేపల సంగతి మత్స్యశాఖ వారు చూసుకుంటారు. వారు వలలు వాడుకోవచ్చు. ఈగల జోలికి రాకూడదు. మీ పేరేమిటి?"

ఆ పేరు అడగడం దగ్గరే వైకుంఠం ఖర్మ కాలింది. అనుమానితుల్లో మొదటివాడు ఆయనే అయ్యాడు. చేతిలో గాలపు కర్ర ఉండనే ఉంది. మండలి తేమ తనిఖీ అధికారి పురుషోత్తం, సముద్రం ఒడ్డున పుట్టిన నిజాయితీపరుడైన కుర్రాడు, వినయంగా దగ్గరికి వచ్చి అగ్గిపెట్టె అడిగి తీసుకున్నాడు. ఈగని తేమ కొలిచే మిషనుతో తాకి, నంబరు వేసి, అగ్గిపెట్టెకి దారం చుట్టి, లక్క కరిగించి సీలు వేసి తిరిగి ఇచ్చాడు. సీలు విరిగితే అరెస్టు అని బాధగానే చెప్పాడు. వైకుంఠం కర్రా అగ్గిపెట్టే పట్టుకుని వెనక్కి తిరిగి ఇంటికి వచ్చాడు. నరసమ్మ అప్పటికే నూరి ఉంచిన మసాలా ముద్ద రోలు పక్కన అలాగే ఉంది. ఆమె ఆ సీలు చూసింది. ఆ ముద్ద తీసుకెళ్ళి పెరట్లో పారబోసింది.

తర్వాత పొగమెట్ట పడిన పాట్లు చెప్పాలంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ ఊరి పేరే పొగమంచు మీద వచ్చింది. అక్కడ ఉతికిన లుంగీ ఆరడానికే నాలుగు రోజులు పడుతుంది. పురుషోత్తం ఇంటింటికీ తిరిగి మిషను పెట్టినప్పుడల్లా ముల్లు ఎర్రగీత దాటేది. ఊరందరికీ తేమ హెచ్చరికలు వచ్చాయి. జనం ఈగల్ని పొయ్యి మీద అటక ఎక్కించారు, చంటిపిల్లల్ని కాచినట్టు కుంపటి పక్కన పెట్టి కాచారు, చంకల్లో పెట్టుకుని తిరిగారు. చంకలో చెమట పడుతుందని మండలి దానికి వేరే సర్క్యులర్ పంపింది. కింద వీధిలో ఒకాయన ఈగ కుంపట్లో పడి భగ్గుమంది. ఆయన భయపడి ఊరు వదిలిపోబోతుంటే చిదానందం గారే స్వయంగా వచ్చి శాలువా కప్పారు. అగ్నిప్రమాదం మండలి పరిధిలోకి రాదట. మిషను పెట్టి చూస్తే ఆ బూడిదలో తేమ సున్నా వచ్చింది. జిల్లాలో అంత పొడిగా ఉన్న ఈగ మరొకటి లేదని ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఇక పొగమంచు ఎందుకు ఊరుకోవాలి? దాని మీద కూడా చర్య తీసుకున్నారు. నమోదైన ఈగలున్న ఇళ్ళ వైపు మంచు రాకుండా చూడవలసిందిగా వాతావరణ శాఖకి రాశారు. వాతావరణ శాఖవారు ఈ విషయం పరిశీలనలో ఉన్నదని జవాబిచ్చారు. పరిశీలనలో ఉన్నప్పుడు కూడా మంచు మామూలుగానే దిగింది.

ఈ గొడవలో వైకుంఠానికి మిగిలిన బాధ ఒక్కటే. దిగువన సీతాపురంలో, మోకాళ్ళు చాపుకుని, ఒక మనిషి చేప కోసం ఎదురు చూస్తున్నాడు. రోజూ బస్సు వచ్చేవేళకి షాపు ముందు నిలబడి కండక్టరుతో సంజాయిషీ చెప్పి పంపేవాడు. గవర్నమెంటు వారు ఒప్పడం లేదని, సీలు వేశారని, తన తప్పు లేదని. ఒకరోజు కండక్టరు జవాబు పట్టుకొచ్చాడు. చెప్పడానికి మొహమాటపడి, టికెట్ల సంచీ సర్దుకుంటూ, తల వంచుకుని చెప్పాడు.

"అప్పుడేమో జొరమన్నాడు, ఇప్పుడేమో గవర్నమెంటంతన్నాడు, వొచ్చే ఏడు ఏటంటాడో ఇప్పుడే కనుక్కుని రమ్మన్నాడు."

వైకుంఠానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మోకాళ్ళు పోయినవాడు, అవమానం పడ్డవాడు, అమ్మ చీరలో పోగు తీసి కట్టి పంపితే, ఆ ఈగ మళ్ళీ అగ్గిపెట్టెలో ఎండుతోంది. అప్పుడు తన బుద్ధి తక్కువై ఎండబెట్టాడు, ఇప్పుడు ప్రభుత్వం బుద్ధి ఎక్కువై ఎండబెడుతోంది. కట్టినవాడికి మాత్రం రెండూ ఒకటే. ఇంట్లో నరసమ్మ ఆయనతో మాట్లాడడం పూర్తిగా మానేసింది. కూరలో ఉప్పు వెయ్యడం కూడా మానేసింది. ఆయన అలాగే తిన్నాడు.

సీజను ఆఖరుకి వచ్చేసరికి మండలి వారు జాతీయ తడి ఈగల మార్పిడి మహోత్సవం ప్రకటించారు. మార్పిడి సంప్రదాయం కాబట్టి జరిగి తీరాలి. చేతులు మారితే చెమట తగులుతుంది కాబట్టి ఈగలు చేతులు మారకూడదు. దీనికి చిదానందం గారు ఒక పరిష్కారం కనిపెట్టారు. ఈగలు కదలవు, మనుషులే మారతారు. మొదట ఇళ్ళు మార్చుకోమన్నారు. ఎవరి ఈగ వాళ్ళింట్లోనే నమోదై ఉంది గనక, ఈగని పుచ్చుకున్నవాడు వెళ్ళి ఆ ఇంట్లో కాపురం ఉంటే సరిపోతుందన్నారు. ఆ ముక్క విని ఊళ్ళో ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని పంచాయతీ ఆఫీసుకి వచ్చారు. అప్పుడు ఇళ్ళు పోయి కుర్చీలు వచ్చాయి. గెడ్డ ఒడ్డున షామియానా వేసి, బల్ల మీద ఈగల్ని వరసగా పెట్టి, ఎవరి ఈగ ముందు వాళ్ళని కూర్చోబెట్టారు. గంట కొట్టగానే అందరూ లేచి పక్క కుర్చీలో కూర్చున్నారు. ఫొటోలు తీశారు. మార్పిడి దిగ్విజయంగా ముగిసింది. మళ్ళీ గంట కొట్టి ఎవరి కుర్చీల్లో వాళ్ళని కూర్చోబెట్టారు, రికార్డులు తారుమారు కాకుండా.

తర్వాత పోటీ. తడపకుండా ఈగ మంచిచెడ్డలు తేల్చాలి. మత్స్యశాఖ నుంచి ఒక ట్రౌట్‌ని అరువు తెచ్చి, అద్దాల తొట్టెలో వదిలి, తొట్టె బయట ఒక్కొక్క ఈగనీ సీలు విప్పి, పట్టకారుతో పట్టుకుని చూపించి, మళ్ళీ సీలు వేశారు. చేప చూస్తే ఆసక్తి కనబరిచినది అని రాశారు, చూడకపోతే సహకరించలేదు అని రాశారు. చేప మధ్యాహ్నం దాకా ఎవరికీ సహకరించలేదు. జోగినాయుడి ఈగ దగ్గరికి వచ్చేసరికి, ఆ జరీ పోగు ఎండలో తళుక్కుమంది. చేప తొట్టె అవతలి మూల నుంచి దూసుకొచ్చి అద్దానికి గుద్దుకుంది. జనం చప్పట్లు కొట్టారు. వైకుంఠం కూడా కొట్టాడు, ఆ మూర్ఖుల మధ్యలో ఒక్క చేపకైనా బుద్ధి ఉందని.

మొదటి బహుమతి ఆ ఈగకే వచ్చింది. బహుమతి ఏమిటంటే, దాన్ని మర్నాడే రాజధానికి తీసుకెళ్ళి, మ్యూజియంలో గాలి చొరబడని అద్దాల పెట్టెలో శాశ్వతంగా పెడతారు. చిదానందం గారు ఆ శాశ్వతంగా అన్న మాటని మైకులో రెండుసార్లు అన్నారు. రెండుసార్లూ వైకుంఠం గుండెల్లో రాయి పడింది. బీరువాలో అరుగుదల మందు పక్కన నిలబెడితేనే అంత పగ పెట్టుకున్న మనిషి, రాజధానిలో దీపాల కింద నిలబెడితే ఊరుకుంటాడా? నరసమ్మ ఆడవాళ్ళ కుర్చీల్లోంచి లేచి నిలబడి మొగుడి వైపు ఒక చూపు చూసింది. చాలా రోజుల తర్వాత ఆయన వైపు చూడడం అదే.

అంతే, వైకుంఠం లేచాడు. చేతులు కట్టుకుని, నడుం వంచి చిదానందం గారి దగ్గరికి వెళ్ళాడు. తన ఈగకి ఇంత గౌరవం దక్కినందుకు కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. పేపర్లో పడబోయే ఫొటో గురించి ఒక్క మనవి అన్నాడు. బల్ల ముందు నిలబడితే అందరు అధికారుల ఫొటోల్లాగే ఉంటుందట. అదే డైరెక్టరు గారు ఆ నల్లరాయి మీద నిలబడి, గాలపు కర్ర చేతపట్టుకుని, ఈగ గాల్లో ఆడుతుండగా, వెనక గెడ్డ తెల్లగా దూకుతుండగా తీస్తే, మంత్రిగారి గోడ మీద కూడా తగిలించుకుంటారట. నీటి మాట వచ్చేసరికి చిదానందం గారు కొంచెం జంకారు. గాల్లోనే కదా బావూ ఉండేది అని వైకుంఠం భరోసా ఇచ్చాడు. తుంపర పడకుండా ఈగ మీద గొడుగు పట్టడానికి పురుషోత్తం ఉండనే ఉన్నాడు. మంత్రిగారి గోడ గెలిచింది.

పురుషోత్తమే మండలి తరఫున లక్క సీలు మళ్ళీ విప్పాడు. వైకుంఠం దారానికి ఈగని ముడివేశాడు. దారం ఎంత పొడుగు వదలాలో ఆయనకు తెలుసు. ఆ నల్లరాయి కింద మడుగులో ఎవరుంటారో కూడా తెలుసు. ఆ మడుగులో ఒక ముసలి ట్రౌట్ ఎన్నో ఏళ్ళుగా కాపురం ఉంటోంది. డైరెక్టరు గారి చేతికి కర్ర ఇచ్చి, వినయంగా ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఫొటోగ్రాఫరు కర్ర కొంచెం ఎత్తమన్నాడు. ఇంకొంచెం ఎత్తమన్నాడు. నవ్వుతూ ఒక్కసారి విసిరినట్టు చెయ్యమన్నాడు. చిదానందం గారు నవ్వారు, విసిరినట్టు చేశారు. గాలి ఒకటి వీచింది. గొడుగు పురుషోత్తాన్ని అటు లాక్కుపోయింది, ఈగ ఇటు దిగి మడుగు మీద వాలింది, తడిసింది, మునిగింది. పుట్టాక మొట్టమొదటిసారి అది చెయ్యవలసిన పని చేసింది. మరుక్షణం కర్ర విల్లులా వంగింది.

చిదానందం గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. పట్టుకోవయ్యా అంటూ కర్ర వైకుంఠం వైపు తోశారు. వైకుంఠం చేతులు కట్టుకునే ఉన్నాడు.

"నాను పట్టుకుంతే రూల్సు ఒప్పుతాయేటి బావూ?"

"ఆదేశం," అన్నారు చిదానందం గారు. "ఇది లిఖితపూర్వక ఆదేశం. తర్వాత రాసిస్తాను."

అప్పుడు వైకుంఠం కర్ర అందుకున్నాడు. ఇన్నేళ్ళ బాకీ తీర్చుకుంటున్నట్టు, తొందరపడకుండా, లాగనిచ్చి, వదిలి, మళ్ళీ లాగి, ఆ ముసలి ట్రౌట్‌ని ఒడ్డుకి తెచ్చాడు. మోచేతి పొడుగు చేప. పెదవికి జోగినాయుడి ఈగ, నీళ్ళు కారుతూ.

షామియానాలో ఎవరూ కదల్లేదు. కదిలింది పురుషోత్తం ఒక్కడే. గెడ్డలో పడ్డ గొడుగు తెచ్చుకుని, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడే, తన విధి ప్రకారం మిషను తీసి చేప నోట్లో ఉన్న ఈగకి ఆనించాడు. ముల్లు ఎర్రగీత దాటి, అంకెలు అయిపోయి, ఆ చివరికి వెళ్ళి కొట్టుకుంది. ఫొటోగ్రాఫరు దగ్గర ఫొటోలు కూడా ఉన్నాయి, విసురుతున్నప్పటివి, నవ్వుతో సహా.

"నేరం రుజువైంది సార్," అన్నాడు ఆ నిజాయితీపరుడు. "నేరస్థుడి పేరు ఏమని రాయమంటారు?"

చిదానందం గారు నల్లరాయి మీద చతికిలబడ్డారు. కాసేపు గెడ్డ వైపు చూశారు. గెడ్డ మహా చప్పుడు చేస్తూ పోతోంది. పెద్ద ఉద్యోగం ఊరికే రాదు. ఆయన మొహంలోకి మెల్లగా నెత్తురు తిరిగి వచ్చింది.

"ఈ ప్రదేశంలో నీరు ఉన్నట్టు మన మండలి రికార్డుల్లో ఎక్కడైనా ఉందా?" అని అడిగారు.

లేదన్నాడు పురుషోత్తం. నీరు మండలి పరిధిలోకి రాదు కాబట్టి దాన్ని ఎప్పుడూ నమోదు చెయ్యలేదన్నాడు.

"నమోదు కాని నీరు మండలి దృష్టిలో లేదు. లేనప్పుడు ఇది పొడి నేల. పొడి నేల మీద పడిన ఈగ ఎలా తడుస్తుంది? మీ మిషను చెడిపోయింది. రాసుకోండి."

పురుషోత్తం మోకాళ్ళ లోతు పొడి నేలలో నిలబడి రాసుకున్నాడు. తర్వాత, మరి ఈ చేపని ఏం చెయ్యమంటారని అడిగాడు.

"పొడి నేల మీద దొరికిన చేపను ఏమంటారయ్యా?"

పురుషోత్తం సముద్రం ఒడ్డువాడు కదా, ఆలోచించకుండా జవాబు చెప్పాడు. "ఎండుచేప అంటారు సార్."

"రాయండి."

రాస్తుండగా ఆ ఎండుచేప తోక విదిలించి కాగితం మీద నీళ్ళు చిమ్మింది. ఆ మరకని ఎవరూ నమోదు చెయ్యలేదు. ఎండుచేప వాసన తగిలిన ఈగ మ్యూజియంకి పనికిరాదని కూడా అదే ఒరవడిలో తీర్మానించారు. దాన్ని రిజిస్టరులోంచి కొట్టేసి, చేపతో సహా హక్కుదారుకి అప్పగించారు. వైకుంఠం వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాడు. ఎండుచేప ఒకటి ముట్టినది అని.

ఆ తర్వాత పొగమెట్ట చలిగెడ్డ పొడి నేల అని ప్రకటన వచ్చింది. పొడి నేల అన్నాక అక్కడ నీటి ఎద్దడి ఉన్నట్టే కాబట్టి ఇంకో శాఖ వారు వచ్చి గెడ్డ నడిమధ్య బోరు వేశారు. నీళ్ళు పడ్డాయి. కొబ్బరికాయ కొట్టారు. ఆ ప్రాంతంలో అంత పైనే నీళ్ళు పడిన బోరు అదొక్కటేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. పొడి నేల మీద ఈగ ఎవరు విసిరినా తడిసినట్టు కాదు కాబట్టి, అప్పట్నుంచి ఊళ్ళో వాళ్ళు హాయిగా ఎండుచేపలు పట్టుకుంటున్నారు.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం వైకుంఠానికి వాటి మీద ధ్యాస లేదు. చేపని అడ్డాకుల్లో చుట్టుకుని, ఈగని దాని పెదవికే ఉంచి, బస్సు దగ్గరికి వెళ్ళేసరికి నరసమ్మ అప్పటికే ఎక్కి కూర్చుని ఉంది. కొత్త చీర కట్టుకుంది. ఒళ్ళో చిన్న మూట, అందులో అప్పుడే నూరిన మసాలా. కండక్టరు ఇద్దరికీ టికెట్టు కొట్టలేదు. అడిగితే ఆ రూటులో తనిఖీ లేదన్నాడు. కొండ దిగుతుండగా ఒక మలుపు దగ్గర చేప జారిపోబోతే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకేసారి పట్టుకున్నారు.

జోగినాయుడు అరుగు మీద మంచం వేసుకుని కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ముందు చెల్లెలు దిగింది. వెనక ఆకుల పొట్లంతో వైకుంఠం దిగాడు. జోగినాయుడు లేవబోయి, మోకాళ్ళు ఒప్పక మళ్ళీ కూర్చున్నాడు. రమ్మని అనలేదు, పొమ్మనీ అనలేదు. వైకుంఠం పొట్లం తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాడు. ఆయన ఆకులు విప్పాడు. చేప ఎంత ఉందో చూడలేదు. దాని పెదవి దగ్గర వేళ్ళు పెట్టి తన ఈగని వెతుక్కున్నాడు. ఈక ఒంటికి అంటుకుపోయి, దారం నల్లగా నాని ఉంది. జరీ మాత్రం మెరుస్తోంది.

"తడిపినావా బావా?"

"తడిపినాను."

"గవర్నమెంటు ఒప్పనేదన్నావు?"

"గవర్నమెంటే తడిపింది బావా. నాను ఒడ్డుకి లాగినాను, అంతే."

జోగినాయుడు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. ఈగ మీద చెయ్యి అలాగే ఉంచి, ఇన్నేళ్ళూ రాని మనిషిని పక్కన కూర్చోమని మంచం మీద చోటు చూపించాడు. లోపలికి కేక వేసి, అన్నం ఎక్కువ పెట్టమని, ముగ్గురం తింటామని పెళ్ళానికి చెప్పాడు. తర్వాత మళ్ళీ తల వంచి, వారసత్వ సంపదని దగ్గరగా పెట్టుకుని చూశాడు. మండలి ఉత్తర్వులో ఆఖరి నేరం అదే, తడి కన్నులతో సమీపించడం. నమోదు చెయ్యడానికి సీతాపురంలో అధికారి ఎవరూ లేకపోయారు.